లిక్విడ్ మాస్కింగ్: గీత టేపుది, కాపలా ద్రవానిది

ఒక్క డోరుకు రంగు వేయాలన్నా మిగతా కారునంతా కప్పాల్సిందే. స్ప్రే గన్ను ట్రిగ్గరు నొక్కినప్పుడు వెలువడే రంగంతా రేకు మీదికి చేరదు. కొంత గాలిలో తుంపరగా తేలి పెయింటరు ముక్కులోకి, పక్క బండి అద్దం మీదికి, ఇంజను గదిలోకి పోతుంది. షాపుల్లో దీన్నే ఓవర్‌స్ప్రే అంటారు. పాత రకం గన్నులతో సగానికి పైగా రంగు ఇలా గాలిపాలు కావడం మామూలే. గన్ను మూతి దగ్గర గాలి పీడనం 10 పీఎస్ఐ దాటని హెచ్‌వీఎల్‌పీ గన్నులు వచ్చాక పరిస్థితి చాలా మెరుగుపడింది. అయినా కాలిఫోర్నియాలో వాయు కాలుష్య నిబంధనలు ఇలాంటి గన్నుల నుంచి కోరే కనీస సామర్థ్యం 65 శాతమే. మంచి గన్ను పట్టినా మూడో వంతు రంగు దారి తప్పే అవకాశం ఉందన్నమాట. ఆ తుంపర నుంచి బండిని కాపాడటానికి పేపరు, ప్లాస్టిక్ షీటు, టేపు చాలా, లేక బండి మీద ద్రవంగా పూసి పనయ్యాక కడిగేసే లిక్విడ్ మాస్కింగ్ కావాలా అన్నది బాడీ షాపుల ముందున్న ప్రశ్న. అమ్మేవారు దీన్ని పేపరుకూ టేపుకూ బదులుగా చూపిస్తారు. టేపుకు అలవాటుపడ్డవారు దీన్ని దండగ ఖర్చుగా చూస్తారు. ఇద్దరూ మాస్కింగ్‌ను ఒకే పనిగా లెక్కించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. రంగు ఎక్కడ ఆగాలో గీత గీయడం ఒక పని. గీతకు అవతల ఉన్నదంతా తుంపర పడకుండా కాచుకోవడం మరో పని. ఈ రెండింటినీ విడదీసి చూస్తే ద్రవానికి ఎక్కడ చోటుందో, ఎక్కడ లేదో చాలావరకు తేలిపోతుంది.

ఈ విభజన మాస్కింగ్ చరిత్రలోనే ఉంది. 1920లలో అమెరికాలో రెండు రంగుల కార్ల మోజు మొదలైంది. డ్యూపాంట్ కంపెనీ 1923లో తెచ్చిన డ్యూకో అనే త్వరగా ఆరే లక్కరుతో ఫ్యాక్టరీల్లో రంగు పని వేగం అందుకుంది. రెండు రంగులు కలిసే చోట గీత తిన్నగా రావడమే కష్టమైంది. పెయింటర్లు కాగితాలను జిగురుతో అంటించేవారు. తీసేటప్పుడు కాగితంతోపాటు కొత్త రంగూ ఊడొచ్చేది. మిన్నెసోటా రాష్ట్రం సెయింట్ పాల్‌లో 3ఎం కంపెనీ ఉద్యోగి రిచర్డ్ డ్రూ ఈ అవస్థ చూసి, ముడతల కాగితానికి మెత్తని జిగురు పూసి 1925లో మాస్కింగ్ టేపు తయారుచేశాడు. అది గీత కోసం పుట్టిన వస్తువు. వెడల్పాటి భాగాలను కప్పే పని అప్పుడూ కాగితానిదే, మన షాపుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పాత దినపత్రికదే. దినపత్రిక చవక. కానీ థిన్నరు దాన్ని నానబెట్టి కిందికి దిగుతుంది, అచ్చు సిరా కింది రంగుకు అంటుతుంది, చిరిగిన అంచుల పీచు గాలికి లేచి తడి క్లియర్ కోటు మీద వాలుతుంది. రంగు పని కోసమే చేసిన మాస్కింగ్ పేపరు, ఆ తర్వాత పల్చని ప్లాస్టిక్ ఫిల్ము ఈ లోపాలను చాలావరకు తీర్చాయి. మంచి ఫిల్ముల ఉపరితలాన్ని తుంపర పట్టుకునేలా ముందే శుద్ధి చేస్తారు. లేకపోతే దాని మీద ఆరిన రంగు పొలుసులుగా రాలి పక్కనున్న తడి రంగులో పడుతుంది. ఈ ఫిల్ము ఉందన్న సంగతి మరిచిపోయి లిక్విడ్ మాస్కింగును దినపత్రికతో పోల్చి గెలిపించడం సరైన పోలిక కాదు.

లిక్విడ్ మాస్కింగ్ పేరుతో దొరికేవన్నీ ఒక జాతివి కావు. ఒక రకం ఆరదు. నీళ్లలో కలిసే పాలిమరు, తేమను నిలిపే పదార్థాలతో జిగటగానే ఉండి, మీద పడిన తుంపరను పట్టుకుంటుంది. రెండో రకం పల్చని పొరగా ఆరి, నీళ్లు తగిలితే మళ్లీ కరుగుతుంది. పాలీవినైల్ ఆల్కహాల్ వంటి పాలిమర్లు ఇందుకు పనికొస్తాయి. మూడో రకం కడిగేది కాదు, ఒలిచేది. రబ్బరు పాలు, వినైలు, కృత్రిమ రబ్బర్లతో మందంగా పూసి, ఆరాక తోలులా లాగేస్తారు. స్ప్రే బూత్ గోడలకు పూసేవాటిలోనూ ఈ ఒలిచే రకం ఉంది. చక్రాల రంగు తాత్కాలికంగా మార్చడానికి వాడే రబ్బరు పూతలు కూడా దీని చుట్టాలే. ఒక రకం గుణాన్ని ఇంకో రకానికి అంటగట్టడం వల్ల షాపుల్లో చాలా నిరాశ పుడుతోంది. ఒలిచే పూతను పల్చగా కొడితే తీసేటప్పుడు పేలికలై చిరుగుతుంది. కడిగే పూతను మందంగా కొడితే కారిపోయి, రంగు వేయాల్సిన చోటికే పాకుతుంది.

ద్రవం తిరుగులేకుండా గెలిచే చోటు వంకరటింకర భాగాలు. చక్రాల పై గూళ్లు, సస్పెన్షన్ ఆర్ములు, ఇంజను గదిలో వైర్లూ గొట్టాలూ, లారీ చాసిస్ మీది ఎయిర్ ట్యాంకులు, బస్సు అడుగు భాగం, ట్రాక్టరు ఇంజను పక్కలు: వీటిని ఫిల్ముతో చుట్టాలంటే గంట పడుతుంది, చుట్టాక కూడా తుంపరకు సందు దొరుకుతుంది. గాలి ఎక్కడికి పోతే తుంపరా అక్కడికే పోతుంది. ఫిల్ము చివరలు టేపుతో బిగించిన చోటే ఆగుతాయి. ద్రవాన్ని గన్నుతోనే కొడతారు కాబట్టి తుంపర దూరే సందులో అదీ దూరుతుంది. దీనికి ఇంతకంటే బలమైన సమర్థన లేదు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లారీలు, బస్సుల బాడీలు కట్టి రంగులు వేసే పనిలో ఇలాంటి ఆకారాలు కారు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. మూసిన బూతు లేకుండా రేకుల షెడ్డు కింద పని జరిగే చోట పక్క బండ్లకూ కాపలా కావాలి. టేపు తరంలోనే పెయింటర్లు కబ్జాలకూ స్క్రూలకూ గ్రీజో వాజలీనో పూసి తుంపర పట్టకుండా చూసుకునేవారు. టేపు అంటని చోట పూతే దిక్కని చేతి అనుభవం వాళ్లకు ముందే చెప్పింది. గ్రీజుతో వచ్చే తంటా ఏమిటంటే, దాని జాడ కాస్త రంగు వేసే చోటికి పాకినా తడి రంగు అక్కడ నిలవక గుంట పడుతుంది. చేప కన్ను అని పెయింటర్లు పిలిచే లోపం అదే. నీటితో కడిగితే పూర్తిగా పోయే పూత ఆ పాత ఉపాయానికి శుభ్రమైన రూపం.

ఇక గీత సంగతి. కడిగే రకం ద్రవం అంచు ఎప్పుడూ అలుక్కుపోయినట్టే ఉంటుంది. గన్నుతో కొట్టిన పూతకు పదునైన అంచు రాదు, తడిగుడ్డతో తుడిచి అంచు తేవాలని చూస్తే వంకరలు పోతుంది. అందుకే పద్ధతిగా పనిచేసే షాపులో క్రమం వేరుగా ఉంటుంది. కారంతా కడిగి ద్రవం కొట్టాక, రంగు వేయాల్సిన ప్యానెల్ మీదా దాని చుట్టూ జానెడు మేరా ద్రవాన్ని నీళ్లతో పూర్తిగా తుడిచేసి, ఆరబెట్టి, గ్రీజు తీసే ద్రావకంతో మళ్లీ తుడిచి, అప్పుడు టేపూ పేపరూ అంటిస్తారు. గీతను టేపే గీస్తుంది. టేపు కింద ద్రవం మిగిలితే జిగురు పట్టదు, అంచు లేస్తుంది, రంగు కిందికి పారుతుంది. టేపు అక్కర్లేదన్న ప్రచారం ఇక్కడే తప్పు. తగ్గేది పేపరు, ఫిల్ము, వాటిని అంటించే సమయం. టేపు మిగిలే ఉంటుంది. ఒలిచే రకంతో గీత తేవచ్చు కదా అని అడగవచ్చు. విమాన విడిభాగాలను రసాయనాలతో కొరికించే పరిశ్రమలో మందపాటి పూత పూసి, పదునైన కత్తితో గీసి, అవసరమైన మేర ఒలిచే పద్ధతి ఉన్న మాట నిజమే. అక్కడ కింద ఉన్నది లోహం. కారు మీద కత్తి దిగితే కింద ఉండేది 50, 60 మైక్రాన్ల క్లియర్ కోటు, దాని కింద అంతకంటే పల్చని బేస్ కోటు. ఆ గీటు జన్మంతా కనిపిస్తుంది. చక్రాల మీద, విడదీసి బల్ల మీద పెట్టిన భాగాల మీద ఒలిచే పూత బాగా పనిచేస్తుంది కానీ నిలబడి ఉన్న బండి మీద గీత కోసం దాన్ని నమ్ముకోకూడదు. రబ్బరు పాలతో చేసినదైతే మరో జాగ్రత్త ఉంది: టాలుయీన్ వంటి ద్రావకాలకు సహజ రబ్బరు ఉబ్బుతుంది కాబట్టి, థిన్నరు బాగా కలిపిన రంగును దాని మీద తడితడిగా కొడితే పూత మెత్తబడి అంచు లేస్తుంది.

మన షాపుల్లో కడిగే రకం ద్రవం విఫలమైనప్పుడు ఎక్కువగా కారణమయ్యేది నీళ్లు, అదీ రెండు దిక్కుల నుంచి. మనవాళ్లు లప్పాన్నీ సర్ఫేసరునూ వాటర్ పేపరుతో తడిపి రుద్దుతారు. ముందే ద్రవం కొట్టి, తర్వాత వాటర్ పేపరు పని మొదలుపెడితే కాపలా పొర రుద్దే నీళ్లతోనే కరిగి కొట్టుకుపోతుంది, పైగా ఆ కరిగిన పాలిమరు లప్పం రంధ్రాల్లో ఇంకుతుంది. పాలియెస్టర్ లప్పం నీటిని పీల్చుకునే పదార్థం. లోపల తేమ మిగిలి పైన రంగు మూసేస్తే కొన్నాళ్లకు బొబ్బలు లేస్తాయి, రేకు తుప్పు పడుతుంది. కాబట్టి రుద్దుడంతా పూర్తయి, బండి ఎండి, లప్పమూ వట్టి రేకూ ప్రైమరు కింద భద్రంగా ఉన్నాకే ద్రవానికి వేళ. పొడిగా రుద్దే యంత్రాలూ దుమ్ము పీల్చే పరికరాలూ ఉన్న షాపులో ఈ క్రమం సహజంగా కుదురుతుంది. తడి రుద్దుడు షాపులో పని వరసనే మార్చుకోవాలి, ఆ మార్పు చేయకుండా డబ్బా కొని తెచ్చుకుంటే నిందపడేది సరుకే. రెండో దిక్కు సందుల్లో దాగిన నీరు. డోరు హ్యాండిల్ వెనక, బీడింగు కింద, ల్యాంపు చుట్టూ మిగిలిన చుక్క గన్ను గాలికి బయటికి చిమ్మి సరిగ్గా తడి క్లియర్ మీద పడుతుంది. తుడిచాక ఎయిర్ గన్నుతో ప్రతి సందునూ ఊదడం ఈ పనిలో సగం పని. అది తెలియని చోట ద్రవం వల్ల మిగిలిన గంట, రుద్ది మళ్లీ రంగు వేయడానికే పోతుంది.

వాతావరణం మాట కూడా చెప్పుకోవాలి. నీరు ఆవిరి కావడానికి థిన్నరు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ వేడి కావాలి, గాలిలో తేమ ఎక్కువుంటే ఇంకా ఆలస్యం. మే నెలలో నిమిషాల్లో ఆరే పూత, వానాకాలం విశాఖలోనో మచిలీపట్నంలోనో గంట గడిచినా చేతికి అంటుతుంది. ఆరే రకాన్ని ఆరకముందే వాడితే అది జారి కారుతుంది. ఆరని రకానికి ఆ బాధ లేదు కానీ, దాన్ని ఎవరి చొక్కా రాసుకున్నా అక్కడ కాపలా తెగుతుంది. వేడికీ ఇదే లెక్క. హార్డెనరు కలిపి కొట్టే టూకే క్లియర్‌ను బూతులో సాధారణంగా రేకు వేడి 60 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి గట్టిపరుస్తారు. పాలీవినైల్ ఆల్కహాల్‌లో కొంతమేర మాత్రమే, అంటే సుమారు 88 శాతం, హైడ్రాలసిస్ అయిన రకం చన్నీళ్లలో కరుగుతుంది. దాదాపు పూర్తిగా అయిన రకానికి వేడినీళ్లు కావాలి. పైగా వేడి తగిలేకొద్దీ ఈ పాలిమరు అణువులు దగ్గరగా పేరుకుని కరగడం కష్టమవుతుంది. చల్లగా ఉన్నప్పుడు గుడ్డతో పోయే పొర, రెండుసార్లు బూతులో కాగాక మొండికేయడం సరుకు నాణ్యత లోపమే కానక్కర్లేదు. బేకింగ్ అయిన వెంటనే, అదే రోజు కడిగేయాలి. ఎండలో వారం నిలబెట్టి కడుగుదామంటే గరుకు ప్లాస్టిక్ బంపర్ల నూగులో తెల్లటి మరకలు మిగులుతాయి.

నీటి ఆధారిత రంగులు ఇంకో చిక్కు తెచ్చాయి. యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన చట్టం ప్రకారం, 2007 నుంచి అక్కడ బండ్లకు మళ్లీ వేసే టాప్ కోటు రంగుల్లో లీటరుకు 420 గ్రాములకు మించి ఆవిరయ్యే కర్బన ద్రావకాలు ఉండకూడదు. దాంతో అక్కడి షాపులు నీటి బేస్ కోటుకు మారాయి. ద్రావకపు రంగు తుంపర పడితే నీటిలో కరిగే పొరకు పెద్దగా బాధలేదు. నీటి రంగు తుంపర దట్టంగా పడితే ఆ పొర మళ్లీ మెత్తబడి జారుతుంది. అంచు దగ్గర పేపరు వెడల్పు పెంచి, తుంపర పల్చబడిన దూరంలోనే ద్రవాన్ని ఉంచితే ఈ ఇబ్బంది తప్పుతుంది. దట్టమైన తుంపరకు పేపరు, దూరపు తుంపరకు ద్రవం అన్న ఈ పంపకం ద్రావకపు రంగులకు కూడా మంచిదే.

పర్యావరణానికి మేలన్న వాదనను మాత్రం తేలిగ్గా ఒప్పుకోకూడదు. కాగితమూ ప్లాస్టిక్కూ తగ్గుతాయన్నది నిజం. కానీ ఫిల్ముకు అంటిన తుంపర ఘన వ్యర్థంగా మూటకడితే ఒక చోట ఉంటుంది. ద్రవానికి అంటిన తుంపర కడిగినప్పుడు కాలువలోకి పోతుంది. అందులో రెసిన్లు, పిగ్మెంట్లు, పూర్తిగా గట్టిపడని హార్డెనరు ఉంటాయి. మన దేశంలో సీసం 90 పీపీఎం దాటరాదన్న 2016 నాటి నిబంధన ఇళ్లకూ అలంకరణకూ వేసే రంగులకు మాత్రమే. బండ్ల రంగులు దాని పరిధిలో లేవు. లెడ్ క్రోమేట్ వంటి పసుపు పిగ్మెంటు ఉన్న రంగు వేసిన బస్సును కడిగితే ఆ సీసమూ క్రోమియమూ నీళ్లతోనే పోతాయి. అదే ఏడాది వచ్చిన ప్రమాదకర వ్యర్థాల నియమావళి, రంగుల పారిశ్రామిక వాడకంలో మిగిలే వ్యర్థాలనూ బురదనూ ప్రమాదకరాల జాబితాలోనే పెట్టింది. కడిగిన నీటిని తొట్టిలో పట్టి, రంగు బురద అడుగున దిగాక వేరుచేసే ఏర్పాటు ఉన్న షాపులో ద్రవం కాలుష్యాన్ని తగ్గిస్తుందనవచ్చు. వీధి కాలువలోకి కడిగే షాపులో అది ప్లాస్టిక్ చెత్తను నీటి చెత్తగా మార్చడమే. పాలిమరు నీటిలో కరుగుతుందన్నంత మాత్రాన దాని మీద ఉన్న రంగు కరిగి మాయం కాదు. ఈ తొట్టి ఖర్చును కలపకుండా, ద్రవమే చవకని చూపే ఏ లెక్కనూ నేను నమ్మను.

ద్రవం వాడకానికి ఎదురయ్యే బలమైన అభ్యంతరం కూలీ లెక్క. మాస్కింగ్ చేసే కుర్రవాడి రోజు కూలీ జర్మనీలో ఒకలా, గుంటూరులో ఒకలా ఉంటుంది. అక్కడ పావుగంట మిగిలినా డబ్బా ఖర్చు వస్తుంది. ఇక్కడ అదే పావుగంటకు అంత విలువ కట్టరు. డోరో ఫెండరో ఒక్క ప్యానెల్ పనికి ఇక్కడ ఫిల్ము, టేపే లాభం, దాంతో వాదించడానికేమీ లేదు. అయితే కూలీ లెక్కలో తిరిగి చేసే పని ఖర్చు కలవదు. ఇంజను గదిలో, చక్రాల గూళ్లలో పడిన తుంపరను కాంపౌండుతో, క్లే బారుతో, బ్లేడుతో తీసే గంటలూ కూలీయే. గరుకు ప్లాస్టిక్ మీద, రబ్బరు బీడింగు మీద పడితే అసలు పోదు, వస్తువే మార్చాలి. పెద్ద బండ్ల పనిలో ఈ లెక్క ద్రవం వైపే మొగ్గుతుంది. మరో అభ్యంతరం, ముందు తుంపరనే తగ్గించండి, మూతల గురించి తర్వాత చూద్దామన్నది. దీన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. సరైన గన్ను, సరైన పీడనం, రేకుకు సరైన దూరం లేని చోట ఏ ద్రవమూ ఆదుకోదు. కార్ల ఫ్యాక్టరీల స్థాయిలో ఏబీబీ, డ్యూర్ కంపెనీలు సన్నని రంధ్రాల వరస నుంచి తుంపర లేకుండా రంగును నేరుగా రేకు మీద పరిచే రోబో తలలను తయారుచేశాయి. రెండు రంగుల కారుకు మాస్కింగ్ లేకుండానే గీత వచ్చేస్తుంది. అది వంకరపోయిన డోరును సరిచేసే వీధి షాపుకు చేరడానికి చాలా కాలం పడుతుంది. అంతవరకూ మూత అవసరమే.

ఇంకో విషయం ఏ డబ్బా మీది ప్రచారమూ చెప్పదు. బండి అద్దాన్ని కాచే ద్రవం మనిషి ఊపిరితిత్తులను కాచదు. టూకే హార్డెనర్లలోని ఐసోసయనేట్లు పెయింటర్లకు ఉబ్బసం తెచ్చే పదార్థాలుగా వైద్యులు ఎప్పటినుంచో గుర్తించినవి. ఒకసారి ఒంటికి పడక మొదలైతే కొద్దిపాటి మోతాదుకే ఊపిరాడని స్థితి వస్తుంది. బయటి గాలిని గొట్టంతో అందించే మాస్కు లేకుండా, ముక్కుకు జేబురుమాలు కట్టుకుని పనిచేసే చోట, కారు ప్రతి సందుకూ కాపలా పెట్టి మనిషిని వదిలేయడం నాకు మింగుడుపడని సంగతి. షాపు యజమాని ఒకటే కొనగలిగితే ముందు ఆ మాస్కు కొనాలి.

ద్రవం కొనేవారికి కావాల్సిన సమాచారం ఎక్కువేమీ కాదు. ఆరేదా, ఆరనిదా, ఒలిచేదా. ఎంత మందంలో కొట్టాలి. ఎంత వేడిని, ఎంతసేపు తట్టుకుంటుంది. బేకింగ్ తర్వాత ఎన్ని గంటల్లో కడగాలి, చన్నీళ్లు చాలా, వేడినీళ్లు కావాలా. నీటి బేస్ కోటుతో వాడవచ్చా. అందులో సిలికోన్ ఉందా. లప్పం మీద, వట్టి రేకు మీద పడితే ఏం చేయాలి. కడిగిన నీటిని ఎక్కడ పట్టాలి. ఇవన్నీ తయారీదారు పరీక్షించి చెప్పగలిగినవే. తెలుగు నేల మీద అమ్మే ప్రతి డబ్బా మీదా ఇవి తెలుగులో, పెయింటరు చదువుకునే మాటల్లో ఉండాలని అడగడం ఆటోనగర్ సంఘాలు ఇప్పటికిప్పుడు మొదలుపెట్టగలిగిన పని.